మూడు సర్కార్ల కింద సత్యాగ్రహం



1938లో శ్రీరంగాపూర్ రైతును పట్టుకుని "నీ మీద ఏలుబడి ఎవరిదయ్యా?" అని అడిగితే ఒక్క మాటలో జవాబు దొరికేది కాదు. శిస్తు కట్టేది వనపర్తి సంస్థానానికి. ఊళ్లో రంగనాయకస్వామి గుడి కట్టించింది ఆ రాజులే. ఆ రాజావారు పేష్కష్ అనే కప్పం చెల్లించేది హైదరాబాదు నిజాముకు. ఆ నిజాము తల వంచేది హైదరాబాదులోనే, కోఠి రెసిడెన్సీలో కూర్చున్న ఇంగ్లీషు దొరకు. ఇటు గద్వాల, అటు కొల్లాపూర్, పైన ఆత్మకూరు, పక్కనే గోపాల్‌పేట, అన్నిచోట్లా ఇదే వరస. ఒకరి మీద ఒకరు, మూడు సర్కార్లు. ఆ మూడింటి బరువూ మోసింది మాత్రం ఒక్కడే రైతు.

మరి ఎదిరించాలంటే ఎవర్ని ఎదిరించాలి? ఇంగ్లీషు దొర ముఖం ఊళ్లో ఎవరూ చూసినవాళ్లు కాదు. నిజామును బొమ్మలోనే చూశారు. రోజూ కనపడేది పటేలు, పట్వారీ, అప్పుడప్పుడు పోలీసు అమీను. అమీను కొడితే అది ఎవరు కొట్టించిన దెబ్బ? రాజుదా, నవాబుదా, తెల్లదొరదా? వలస పాలన మన వైపు ఎట్లా నిలబడిందో తెలుసుకోవాలంటే ఈ చిక్కు దగ్గరే మొదలుపెట్టాలి.

జనమంతా ముందు ఒక్కటయ్యారనీ, ఆ తర్వాత పోరాడారనీ సాధారణంగా చెప్పుకుంటాం. బడిపుస్తకాల్లోనూ అట్లాగే ఉంటుంది. మన జిల్లాల చరిత్ర చదివినకొద్దీ నాకు తోచేది దీనికి ఎదురు. ముందు ఐక్యత లేదు. భాషలు వేరు, కులాలు వేరు, మతాలు వేరు, సంస్థానాలు వేరు. చేయెత్తకుండా, వెనక్కి తగ్గకుండా కలిసి నిలబడ్డప్పుడు, కలిసి జైలుకు పోయినప్పుడు, అప్పుడు పుట్టింది ఐక్యత. ఈ పూట మీతో చెప్పదలచుకున్నది ఇదే.

ముందు నది అవతలికి పోదాం. శ్రీరంగాపూర్ నుంచి దక్షిణానికి కృష్ణ దాటి, నడిగడ్డ దాటి, తుంగభద్ర కూడా దాటితే కర్నూలు. అక్కడి నుంచి మద్రాసు దాకా నేరుగా ఇంగ్లీషు సర్కారే. శత్రువెవరో తెలిసిన చోట పోరాటం ఎట్లా ఉంటుందో చీరాల చూపించింది. చీరాల, పేరాల ఊళ్లను 1919లో మున్సిపాలిటీ చేశారు. ఏటా నాలుగు వేల రూపాయలున్న పన్ను నలభై వేలకు పెరిగింది. మగ్గాల మీద బతికే ఊళ్లు అవి. ఆ సొమ్ము ఎక్కడి నుంచి తెస్తారు? మాకు మున్సిపాలిటీ వద్దన్నారు, పన్ను కట్టం అన్నారు. పన్నెండు మందిని జైల్లో పెట్టారు. ఆ పన్నెండు మందిలో రావూరి అలమేలుమంగమ్మ అనే స్త్రీ కూడా ఉంది. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ వచ్చి రెండు దారులు చెప్పాడు. పన్ను కట్టకుండా అహింసగా ఎదిరించి దెబ్బలు తినండి, లేదా ఊరే వదిలిపెట్టండి అన్నాడు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఊరు వదిలారు. పదిహేను వేల మందిలో పదమూడు వేల మందికి పైగా ఇళ్లకు తాళాలు వేసి, ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టారు. ఎండాకాలంలో మొదలై పదకొండు నెలలు అక్కడే ఉన్నారు.

ఆ పాకల్ని ఒక్కసారి ఊహించుకోండి. ఊళ్లో ఎవరి వాడ వారిది, ఎవరి బావి వారిది. రామనగర్‌లో అందరి నెత్తిన అదే తాటాకు, అందరి మీదా అదే వాన. దుగ్గిరాలను జైలుకు పంపారు, నాయకుడు లేకుండాపోయాడు. చివరికి జనం ఊళ్లోకి తిరిగి రావలసి వచ్చింది. కాని ఒక పట్టణం పట్టణమే పాలకుడికి ఖాళీ ఇళ్లు అప్పజెప్పి పోగలదని అప్పటిదాకా ఏ కలెక్టరూ అనుకోలేదు.

ఇక మన వైపు. ఇక్కడ పన్ను మానేద్దామన్న మాట చెప్పుకోవడానికే నలుగురు ఒకచోట కూడే వీలు లేదు. గస్తీ నిషాన్ 53 అని నిజాం సర్కారు ఒక ఉత్తర్వు తెచ్చింది. సభ పెట్టాలంటే ముందు అనుమతి కావాలి. సొంతంగా బడి పెట్టాలన్నా అనుమతే. అందుకే ఇక్కడ నలుగురు కూర్చుని తెలుగులో మాట్లాడుకోవడమే ఒక నిరసన అయింది. గ్రంథాలయం పెట్టడం నిరసన. పత్రిక తెప్పించుకుని అరుగు మీద కూర్చుని పైకి చదవడం నిరసన. దీన్ని ఉద్యమంగా లెక్కలోకి తీసుకోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను తీసుకుంటాను.

1921 నవంబరు. హైదరాబాదు వివేకవర్ధిని థియేటరులో సంఘ సంస్కరణ సభ. అధ్యక్షుడు మహర్షి కార్వే. వక్తలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టాడు. గేలి చేశారు, అల్లరి చేశారు, మాట సాగనివ్వలేదు. గేలి చేసింది నిజామూ కాదు, ఇంగ్లీషువాడూ కాదు, సాటి ప్రజలే. ఆ రాత్రే కొద్దిమంది తెలుగువాళ్లు టేకుమాల రంగారావు ఇంట్లో కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. తెలుగువాడికీ మరాఠీవాడికీ మధ్య తగవుతో మొదలైన కథ పదిహేడేళ్లకు ఎక్కడ తేలిందో కాసేపట్లో చెబుతాను.

ఆ సంఘం మొదట తలకెత్తుకున్న పనుల్లో ఒకటి వెట్టి. నేటి పిల్లలకు ఆ మాట తెలుసుగాని ఆ బతుకు తెలియదు. అధికారి దౌరాకు, అంటే ఊళ్లు తిరగడానికి, వస్తున్నాడంటే ఊరంతా నిలబడేది. కుమ్మరి కుండలు ఇవ్వాలి. చాకలి గుడ్డలు ఉతకాలి, వంటకు నీళ్లు మోయాలి. మంగలి ఒళ్లు పట్టాలి. గొల్లవాడు మేకను తోలుకురావాలి. మాల, మాదిగలు కట్టెలు కొట్టాలి, మూటలు నెత్తిన పెట్టుకుని పక్క ఊరి దాకా దింపి రావాలి. రైతు ఎడ్లబండి కట్టాలి. కోమటి సరుకు తూచి అధికారి చెప్పిన ధరకే ఇవ్వాలి, అదీ ఇస్తే తీసుకోవాలి. వీళ్లలో ఎవరికీ కూలి లేదు. ఆ సంఘంలోని మాడపాటి హనుమంతరావు వంటివాళ్లు ఏం చేశారంటే, వెట్టి మీద, వర్తకుల హక్కుల మీద సులభమైన తెలుగులో చిన్న చిన్న పుస్తకాలు అచ్చువేసి ఊళ్లకు పంపారు. సర్కారు సొంత కాగితాల్లోనే జనానికి ఏ మేలు రాసి ఉందో, అది జనానికి ఎందుకు తెలియనివ్వలేదో చెప్పారు. చదువు వచ్చినవాడు చదివితే రానివాడు విన్నాడు. "కూలి ఇస్తేనే మోస్తాం" అన్నది ఎవరినీ కొట్టే మాట కాదు, తిట్టే మాట కాదు. కాని ఆ మాట కుమ్మరీ, కోమటీ, మాదిగా కలిసి ఒకేరోజు అంటే దౌరా ఆగిపోతుంది. సత్యాగ్రహం లోపల యంత్రం ఇదే. పాలకుడి బలం మనం మోసే మూటలో ఉంది. దించితే వాడికి మోసేవాడు లేడు.

ఆ మాటలు ఊరూరా చేరవేసిన మనిషి మన నడిగడ్డవాడు. సురవరం ప్రతాపరెడ్డి, ఇటిక్యాలపాడు వాస్తవ్యుడు. 1926 మే 10న గోలకొండ పత్రిక తెచ్చాడు. వారానికి రెండుసార్లు వచ్చే పత్రిక. నిజాం రాజ్యంలో తెలుగు పత్రిక నడపడం అంటే రాసే ప్రతి ముక్కకూ వెనక పోలీసు కన్ను ఉంటుందని తెలిసి రాయడం. ఆయన వెట్టి మీద రాశాడు, అధికారుల లంచాల మీద రాశాడు, భాష మీద రాశాడు. తెలంగాణలో కవులే లేరని ఎవరో వ్యాసంలో అంటే, కోపంతో మారుమాట అనకుండా ఊరూరికీ ఉత్తరాలు వెళ్లేట్టు చేసి, 354 మంది కవుల పద్యాలు పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశాడు. అందులో మన సంస్థానాల కవులు ఎందరో. ఏ కులమని చూడలేదు, ఆడా మగా అని చూడలేదు. ఉన్నామని చెప్పడానికి అంతకంటే గట్టి రుజువు ఏముంటుంది?

ఇక్కడ ఇంకో పేరు చెప్పకపోతే అన్యాయం. వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి నిజాముకు హైదరాబాదు కొత్వాలు. అంటే పోలీసు పెద్ద. ఆయనే 1918లో రెడ్డి హాస్టలు పెట్టించాడు. సురవరం అక్కడ పని చేశాడు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ ఉండి చదివారు, లోకం తెలుసుకున్నారు, ఆ తర్వాత వాళ్లలో ఎందరో నిజాముకే ఎదురు నిలిచారు. సర్కారు నౌకరీలో ఉన్నవాళ్లంతా ప్రజల శత్రువులని గీత గీసి ఉంటే ఈ హాస్టలు ఉండేది కాదు. అహింసలో ఒక మేలు ఇది. ఎదుటి పక్షంలో ఉన్నవాడు కూడా మంచి చేయడానికి చోటు మిగులుతుంది.

1930 మార్చిలో జోగిపేటలో ఆ జనసంఘం తరఫున మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు సురవరమే. అదే నెలలో గాంధీజీ దండికి నడక మొదలుపెట్టాడు. జోగిపేటలోనే మొదటి ఆంధ్ర మహిళాసభ కూడా పెట్టారు, నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ వచ్చి అంటరానివారి సంగతి ఎత్తితే సనాతనులు కోపగించారు. అయినా ఆ మాట సభలో చెప్పనిచ్చారు. ఇప్పటి కళ్లతో చూస్తే ఇది చిన్న విషయం. మన శ్రీరంగాపూర్ రథోత్సవం తలుచుకుంటే ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. రథోత్సవానికీ చుట్టుపక్కల ఊళ్లన్నీ వచ్చేవి, కాని ఆ కాలంలో ఎవరు ఎక్కడిదాకా రావచ్చో, ఎక్కడ ఆగాలో ముందే రాసిపెట్టి ఉండేది. జనం ఒకచోట పోగుకావడం ఐక్యత కాదు. జోగిపేటలో ఆ రాసిపెట్టిన గీతను తుడపడానికి చేయి పెట్టారు. పూర్తిగా తుడిచారని నేను అనను.

ఇప్పుడు 1938కి వద్దాం. హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ పెట్టాలనుకున్నారు. ఆంధ్ర మహాసభ, మహారాష్ట్ర పరిషత్తు, కర్ణాటక పరిషత్తు, మూడు భాషల వాళ్లూ కలిసి కూర్చున్నారు. సెప్టెంబరులో నిజాం సర్కారు దాన్ని పుట్టకముందే నిషేధించింది. నిషేధాన్ని ధిక్కరిస్తూ అక్టోబరు 24న మొదటి దళం సత్యాగ్రహం చేసి అరెస్టయింది. ఆ దళంలో ఎవరున్నారో వినండి. గోవిందరావు నానల్, శ్రీనివాసరావు బోరీకర్, జనార్దనరావు దేశాయి, రామకిషన్ ధూత్, మన తెలుగు రావి నారాయణరెడ్డి. వివేకవర్ధినిలో ఒకరి భాషను ఒకరు వినలేకపోయిన సమాజం, పదిహేడేళ్లకు ఒకే దళంగా జైలుకు నడిచింది. ఆ వెనక స్వామి రామానందతీర్థ. ఆయన పుట్టింది కన్నడ సీమలో, పని చేసింది మరాఠ్వాడాలో, నాయకుడైంది తెలుగువాళ్లకు కూడా. ఏ ఒప్పందం రాసుకుని వీళ్లు ఒకటి కాలేదు. ఒకే ఉత్తర్వును ఉల్లంఘించి, ఒకే గదిలో పడుకుని, ఒకే జొన్నరొట్టె తిని ఒకటయ్యారు.

అదే ఏడాది నవంబరు, డిసెంబరు నెలల్లో ఉస్మానియా హాస్టళ్లలో పిల్లలను వందేమాతరం పాడవద్దన్నారు. పిల్లలు పాడతామన్నారు. క్లాసులు వదిలారు. ఔరంగాబాదు, గుల్బర్గా, వరంగల్, మన మహబూబ్‌నగర్ దాకా ఆ సమ్మె పాకింది. క్షమాపణ రాసిస్తే తిరిగి చేర్చుకుంటామన్నారు. వందల మంది రాయలేదు. చదువు పోయింది. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లను చేర్చుకుంది. అట్లా చదువు కోసం రాష్ట్రం దాటిన వాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. ఆ క్షమాపణ కాగితం మీద సంతకం పెట్టని ఆ పిల్లలకు పద్దెనిమిది, ఇరవై ఏళ్లు. చదువు పోతుందని తెలిసీ వాళ్లు ఆ కలం పట్టలేదు.

ఇక గద్వాల బిడ్డ వావిలాల రామచంద్రరావు. సత్యాగ్రహంలో జైలుకు పోయాడు. జైల్లో వందేమాతరం అన్నాడు. అనవద్దన్నారు, మళ్లీ అన్నాడు. కొరడా దెబ్బల శిక్ష వేశారు. ఒక్కొక్క దెబ్బకూ వందేమాతరం అంటూ పోయాడు, స్పృహ తప్పేదాకా. ఆ రోజు నుంచి ఆయన వందేమాతరం రామచంద్రరావే. శ్రోతలారా, కొరడా పట్టుకున్న చేతిని తలుచుకోండి. ఆ చేతిదీ ఇదే రాజ్యం. కొట్టేవాడికి పనీ పడింది, భయపెట్టడం మాత్రం చేతకాలేదు.

ఒక నిజం దాచకుండా చెప్పాలి. రామచంద్రరావు పాల్గొన్నది ఆర్యసమాజ సత్యాగ్రహంలో. అది మతస్వేచ్ఛ కోసం జరిగింది. అదే సమయంలో స్టేట్ కాంగ్రెస్ పోరాటం బాధ్యతాయుత ప్రభుత్వం కోసం జరిగింది. రెండూ కలగలిసిపోయి హిందూ ముస్లిం తగవుగా మారుతుందేమోనని గాంధీజీ భయపడ్డాడు. ఆయన సలహా మీద 1938 డిసెంబరు 24న స్టేట్ కాంగ్రెస్ తన సత్యాగ్రహాన్ని నిలిపివేసింది. జైళ్లలో ఉన్నవాళ్లకు అది మింగుడుపడలేదు. నా మటుకు నాకు ఆ నిర్ణయం సరైనదే. ప్రజల్లో కొందరు భయపడే పోరాటంతో గెలిచినా ఆ గెలుపు అందరిదీ కాదు. పదేళ్ల తర్వాత ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాదు భారతదేశంలో కలవాలని ఉర్దూలో రాశాడు. 1948 ఆగస్టులో నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు ఆయనను నడివీధిలో చంపారు. రాసిన చేతిని నరికారు. ఆయనను ఏ మతం లెక్కలో వేస్తారు? ఆయన మనవాడు.

1942 ఆగస్టులో క్విట్ ఇండియా. మూడో సర్కారు, అంటే ఇంగ్లీషు దొర, ఇక్కడ ఎక్కడుంటాడో జనం మర్చిపోలేదు. హైదరాబాదులో పద్మజానాయుడు, జ్ఞానకుమారి హేడా తదితరులు ఆ రెసిడెన్సీ మీదే జాతీయ జెండా ఎగరేశారు. దొర, నవాబు వేరు కాదని ఒక్క గుడ్డముక్కతో చెప్పారు.

1947 ఆగస్టు 15న దేశమంతా పండుగ. ఇక్కడ జెండా ఎత్తినందుకు రామానందతీర్థను అరెస్టు చేశారు. "ఇండియన్ యూనియన్‌లో చేరాలి" అన్నదే ఇప్పుడు సత్యాగ్రహం. పిల్లలు బడులు మానేశారు. రైతులు సర్కారుకు లెవీ ధాన్యం ఇవ్వం అన్నారు. కరోడ్‌గిరి నాకాల దగ్గర సుంకం కట్టం అన్నారు. మన పక్కనే ఆత్మకూరు వైపు బెల్లం నాగన్న నాయకత్వంలో ఊళ్లకు ఊళ్లు కదిలాయి. అక్టోబరు 7న అప్పంపల్లిలో నిజాం పోలీసులు కాల్పులు జరిపారు. 11 మంది చనిపోయారు. స్వతంత్ర దేశం పుట్టి రెండు నెలలు కూడా నిండలేదు, ఆ దేశపు జెండా కోసం మన రైతులు ప్రాణాలిచ్చారు. జలియన్‌వాలాబాగ్ పేరు తెలియని పిల్లవాడు లేడు. అప్పంపల్లి పేరు పది కోసుల అవతలి పిల్లవాడికి కూడా తెలియదు. ఇది మన తప్పే.

అహింస ఒక్కటే నిజామును దింపిందని నేను చెప్పడం లేదు. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో రైతులు తుపాకి పట్టారు. చివరికి 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఐదు రోజుల్లో పని అయిపోయింది. కాని సైన్యం రాజ్యాన్ని పట్టుకోగలదు, పౌరుల్ని తయారుచేయలేదు. ఆ పని అంతకు ముందు ముప్ఫై ఏళ్లు గ్రంథాలయాల్లో, పత్రికలో, జైళ్లలో జరిగింది. అందుకే 1952లో మొదటి ఎన్నికలు వచ్చినప్పుడు, ఎన్నో తరాలు ఒక రాజు మాటే చట్టంగా బతికిన వనపర్తిలో జనం వరుసలో నిలబడి ఓటు వేసి తమ ప్రతినిధిని ఎన్నుకున్నారు. గెలిచినవాడు సురవరం ప్రతాపరెడ్డి. ఆ మరుసటి ఏడే, 1953 ఆగస్టు 25న ఆయన కన్నుమూశాడు.

చివరగా ఒక విన్నపం. మన ఊళ్లలో ఇంకా కొన్ని ఇళ్లలో పాత పెట్టెలున్నాయి. వాటిలో గోలకొండ పత్రిక ప్రతులు, జైలు నుంచి వచ్చిన ఉత్తరాలు, స్వాతంత్ర్య సమరయోధుల పింఛను కాగితాలు ఉండవచ్చు. వాటిని చెదలకు వదలకండి. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ గ్రంథాలయాల్లో దేనికైనా ఇవ్వండి, లేదా కనీసం ఫోటో తీసి ఇవ్వండి. ఎనభై దాటిన పెద్దవాళ్లుంటే, వాళ్ల తండ్రులు వెట్టి ఎప్పుడు మానారో, జెండా ఎక్కడ ఎత్తారో అడిగి, ఊరి పేరుతో సహా రాసిపెట్టండి. బడి పంతుళ్లు అక్టోబరు 7న పిల్లలను అప్పంపల్లికి తీసుకుపోండి.